పన్నెండు ముక్కల గుల్ల

ఐలయ్య చెయ్యి పడిన బర్రెకు గాలికుంటు రోగం రాదని హఫీజ్‌పేట్ చుట్టుపక్కల పాలవాళ్ళు చెప్పుకునేవారు. వాళ్ళంతట వాళ్ళు చెప్పుకున్నది సగం, ఐలయ్య చెప్పించుకున్నది సగం. మదీనాగూడ దాటాక హైవే పక్కనున్న పశువుల దవాఖానలో ఆయన కాంపౌండర్. ఎవరైనా కొత్తవాళ్ళు బర్రెను తోలుకొస్తే ముందు వాళ్ళను బల్ల మీద కూర్చోబెట్టి, తన గురించి నాలుగు మాటలు చెప్పాకే బర్రె సంగతి అడిగేవాడు.

ఆ నాలుగు మాటలూ ఎప్పుడూ ఒకే వరుసలో వచ్చేవి. సిద్దిపేట దిక్కు పల్లెటూరి బడిలో, సగం కప్పు ఎగిరిపోయిన గదిలో కూర్చుని చదివి, ఏడో తరగతి పరీక్షలో తాలూకా మొత్తానికి లెక్కల్లో మొదటివాడిగా వచ్చాడు. కడుపులో అడ్డం తిరిగిన దూడలను భుజం దాకా చెయ్యి పెట్టి సరిచేసి బయటికి తీసినవి నూట నలభై ఆరు; అందులో తల్లి పోయినవి నాలుగే. వానలు ముంచెత్తిన ఏడాది మందుల పెట్టె నెత్తిన పెట్టుకొని నడుము లోతు నీళ్ళలో వాగు దాటాడు, అందుకు పైఆఫీసరు శాలువా కప్పాడు. అన్నిటికన్నా పెద్దది ఆఖర్న చెప్పేవాడు. ఇరవై రెండేళ్ళలో తాను టీకా వేసిన ఒక్క పశువుకూ గాలికుంటు సోకలేదు.

"ఒక్కటంటే ఒక్కటి లేదు. నోటి మాట గాదు, రాసిపెట్టిన. చూస్కో" అని రిజిస్టరును ముందుకు తోసేవాడు. చదవడం రానివాళ్ళు కూడా పేజీలు తిప్పి తల ఊపేవారు.

1999 మార్చి నెలాఖరుకు ఆయన కొలువు దిగిపోవాలి. ఆ ఇరవై రెండేళ్ళ మాట మీద గీత పడకుండా ఇంటికి పోవాలన్నది ఒక్కటే ఆయన కోరిక. పెద్ద సన్మానం అక్కర్లేదు. వెళ్ళేనాడు పాలవాళ్ళంతా నిలబడి, "ఐలయ్య హస్తవాసి మళ్ళ రాదు" అంటే చాలనుకున్నాడు.

జనవరి రెండో వారంలో కొమురయ్య కొట్టంలో మొదటి బర్రె నోరు తెరిచి చొంగ కార్చింది.

కొమురయ్య హఫీజ్‌పేట్ బస్తీలో పాలవాళ్ళకు పెద్ద. పద్దెనిమిదేళ్ళ కింద అతని బర్రె ఒకటి ఈనలేక పడిపోతే ఐలయ్య రెండు జాములు దాని పక్కనే కూర్చుని బతికించాడు. ఆనాటి నుంచి కులాలు వేరైనా వరుస కలుపుకున్నారు, ఒకరికొకరు బావలయ్యారు. కొమురయ్య ఇంట్లో ఏ శుభకార్యం జరిగినా మొదటి విస్తరి ఐలయ్యదే. టీకాల దఫా వచ్చిందంటే మొదలయ్యేది కూడా కొమురయ్య కొట్టంలోనే. బస్తీలో ఉన్న ముప్పై ఎనిమిది బర్రెలనూ అక్కడికే తోలుకొచ్చేవారు.

ఆ రోజు పని ఇద్దరి మధ్య ఇలా సాగేది. ఐలయ్య ఒక్కో బర్రెకు జ్వరం చూసి, చూడిదా కాదా అని తడిమి, రిజిస్టరులో రాసుకునేవాడు. ఐస్ డబ్బా కొమురయ్య దగ్గర ఉండేది. అతను కొట్టం వెనక పంచలో కూర్చుని, మరగబెట్టిన సిరంజిల్లోకి సీసాలోంచి మందు ఎక్కించి అందించేవాడు. గాలి బుడగ లేకుండా నింపడం ఐలయ్యే నేర్పాడు. చదువుకున్న అసిస్టెంటు కూడా అంత శుభ్రంగా నింపలేడని పదిమందిలో మెచ్చుకున్నాడు కూడా. సిరంజి చేతికి వెచ్చగా తగిలితే, ఇప్పుడే మరిగిన నీళ్ళలోంచి తీశాడు కదా అనుకునేవాడు.

డిసెంబరు మొదట్లో ఆ దఫా అయిపోయింది. ఆరు వారాలు తిరక్కుండానే రోగం వచ్చిపడింది. నాలుకల మీద తోలు ఊడి వచ్చింది, గిట్టల నడుమ పుండ్లు పడ్డాయి. లచ్చమ్మ అనే ముసలామెకు ఉన్నవి రెండు బర్రెలు, మూడు దూడలు; రెండు రోజుల్లో రెండు దూడలు పోయాయి. ముప్పై ఎనిమిదిలో ఇరవై ఒకటి మూతి ముడుచుకుని నిలబడ్డాయి. ఐలయ్య పొద్దున్నే పోయి పటిక నీళ్ళతో నోళ్ళు కడిగాడు, గిట్టలకు మందు పూశాడు. ఎవ్వరూ ఆయనతో పెద్దగా మాట్లాడలేదు. కొమురయ్య మాత్రం బర్రె తల పట్టుకుని, "ఏం జేస్తం బావా, మన టైం బాగ లేదు" అన్నాడు.

నాలుగో రోజు డాక్టరు రామ్మోహనరావు గారు ఐలయ్యను గదిలోకి పిలిచి తలుపు దగ్గరికి వేశారు. ఆయన ఏలూరు నుంచి బదిలీ మీద వచ్చిన పెద్దమనిషి, కేక వేసి ఎరగరు.

"ఐలయ్య గారూ, మీ మీద కాగితం వచ్చిందండి. టీకాల రోజున మీ డబ్బాలో ఐసు లేదట. మందు ఎండకు కాగిపోయిందట. పాలవాళ్ళు పద్నాలుగు మంది వేలిముద్రలు, సంతకాలు పెట్టారు."

ఐలయ్య నవ్వాడు. "ఎవడు సార్ రాసింది? ఆ దినం ఐసు నేనే పగలగొట్టి నింపిన. మూడు వరసలు నింపిన."

"నాకు తెలుసండి. కానీ మొదటి సంతకం కొమురయ్యది."

ఐలయ్య కాగితం చేతిలోకి తీసుకున్నాడు. కొమురయ్యకు రాయడం వచ్చింది తన పేరు ఒక్కటే. ఆ పేరు కూడా ఐలయ్యే దవాఖాన బల్ల మీద సుద్దముక్కతో నేర్పాడు. రెండో అక్షరం కొమ్ము ఎప్పటిలాగే పొడుగ్గా లాగి ఉంది.

"పదిమంది బలవంతం జేసుంటరు సార్" అన్నాడు చివరికి. "మందులనే లోపమున్నదో ఏమో. నాకు వారం గడువియ్యుండ్రి."

ఐలయ్యకు ఒక అలవాటు ఉంది. దఫా అయ్యాక ఆ దఫాకే చెందిన మూత తీయని సీసా ఒకటి, ఆఖరుగా వాడిన సీసా ఒకటి, తేదీ రాసిన చీటీ అంటించి, మళ్ళీ దఫా వచ్చేదాకా దవాఖాన ఫ్రిజ్‌లో దాచేవాడు. ఎవరూ చెప్పలేదు, ఏ రూలూ లేదు. తన పనికి సాక్ష్యం ఉండాలని. మరునాడు ఆ రెండు సీసాలనూ ఐసులో పెట్టుకుని తన లూనా మీద బయల్దేరాడు. కొండాపూర్ దాటేసరికి దారంతా సిమెంటు లారీలు. రాళ్ళు పేల్చిన చోటల్లా గోతులు. హైటెక్ సిటీ గాజు మేడ ఎండకు మెరుస్తుంటే, దాని నీడలోనే పడుగుపేకలుగా కట్టిన కర్రల మీద పాలమూరు కూలీలు ఇంకో మేడ లేపుతున్నారు. గచ్చిబౌలి వైపు టీకాల మీద పరిశోధన చేసే ప్రయోగశాల ఒకటి ఉందని డాక్టరు గారు చీటీ రాసి ఇచ్చారు.

అక్కడ నీహారిక అనే ఆమె ఎదురొచ్చింది. కాకినాడ పిల్ల, ముప్పై దాటవు. ఐలయ్య కుర్చీలో కూర్చుని తన నాలుగు మాటలూ చెప్పాడు. ఆమె మధ్యలో ఆపకుండా విన్నది. అప్పుడే ఆయనకు ఆమె మీద గౌరవం కలిగింది.

"మీ సీసాలు మూడు రోజులు నా దగ్గర ఉంచండి. చక్కెర పానకం పోసిన గొట్టాల్లో ఈ మందు వేసి, చాలా జోరుగా తిప్పుతామండి. మంచి గుల్లలైతే బరువుకు కిందికి దిగుతాయి. విడిపోయిన ముక్కలైతే పైనే తేలిపోతాయి."

"గుల్ల ఏందమ్మా? మందుల గుల్లలెక్కడివి?"

ఆమె బల్ల సొరుగులోంచి అట్టముక్కలతో చేసిన బంతి తీసింది. పిడికిలంత ఉంది. అన్ని వైపులా ఐదు మూలల బిళ్ళలే.

"గాలికుంటు వైరస్ ఇలా ఉంటుందండి. కంటికి కనపడదు, మామూలు మైక్రోస్కోపుకీ కనపడదు. దీని పై తొడుగులో నాలుగు రకాల ప్రొటీన్లు. మూడు బయటివైపు ఉంటాయి, నాలుగోది లోపలివైపు అంటుకుని ఉంటుంది."

"అస్తరు లెక్క."

"అంటే?"

"కోటుకు లోపల గుడ్డ కుడ్తరు గదమ్మా. మీ దిక్కు ఏమంటరో."

"ఆఁ, అదేనండి!" ఆమెకు ఆ మాట నచ్చింది. "ఆ నాలుగూ కలిస్తే ఒక చిన్న పలక. అలాంటి పలకలు ఐదు చేరితే ఈ ఐదు మూలల ముక్క. ఇలాంటి ముక్కలు పన్నెండు చేరితే గుండ్రటి గుల్ల. మొత్తం ఎన్ని పలకలో చెప్పండి చూద్దాం?"

"అరవై. ఏడో తరగతిల లెక్కలల్ల తాలూకాకు..."

"మొదటివారు. ఇందాకే చెప్పారండి."

ఐలయ్య బంతిని అటూ ఇటూ తిప్పాడు. చేతిలో దూడ గిట్ట పట్టుకున్నట్టే పట్టుకున్నాడు. "మరి ఈ పన్నెండింటిని అంటించేదెవరు?"

"ఎవరూ అంటించరు. మేస్త్రీ లేడు, జిగురు లేదు, దారం లేదు. పశువు ఒంట్లో కణం లోపల ప్రొటీన్లు తయారవుతాయి. వాటి వంపులు అలా ఉంటాయండి, ఒకదాని అంచు ఇంకోదానికి సరిపోతుంది. ఐదు ఐదు చేరతాయి. ఆ ముక్కలు పన్నెండూ ఒకదాన్నొకటి వెతుక్కుని వాటంతటవే మూసుకుంటాయి. లోపల వైరస్ విత్తనం ఇమిడిపోతుంది. టీకాలో మేం ఆ విత్తనాన్ని మందుతో చంపేసి, గుల్లను మాత్రం చెక్కుచెదరకుండా నిలబెడతాం."

"ఎందుకట్ల?"

"మీ బర్రె ఒంట్లో కాపలా ఉంటుంది కదా, అది గుల్ల రూపం చూసి గుర్తుపెట్టుకుంటుంది. నిజమైన వైరస్ వచ్చిన నాడు ఆ రూపాన్ని పట్టేస్తుంది. కానీ ఈ గుల్లకు ఒక కష్టం ఉందండి. జిగురు లేదన్నాను కదా. ముక్కకూ ముక్కకూ మధ్య అతుకు చాలా నాజూకు. కాస్త పులుపు తగిలినా, వేడి తగిలినా పన్నెండు ముక్కలుగా విడిపోతుంది. ఏ ముక్కా కరిగిపోదు, సరుకంతా సీసాలోనే ఉంటుంది. చూడ్డానికి మందు మందులాగే ఉంటుంది. గుల్ల మాత్రం ఉండదు. విడి ముక్కలను పశువు ఒళ్ళు అంతగా లెక్కచెయ్యదు."

 ఇరవై రెండేళ్ళు చేతిలో పట్టిన మందు లోపల ఇంత కట్టడం ఉందని ఐలయ్యకు ఎవరూ చెప్పలేదు. ఐసు పెట్టమన్నారు, పెట్టాడు. ఎందుకో ఇప్పుడు తెలిసింది. లేచేముందు బంతిని బల్ల మీద పెట్టడానికి కూడా జంకాడు.

మూడు రోజుల తర్వాత వెళ్తే ఆమె రెండు కాగితాలు పక్కపక్కన పరిచింది. ఒకదాని మీద గీత కొండలా లేచి దిగింది. రెండోదాని మీద అదే చోట గీత నేల మీద పాకినట్టుంది.

"మూత తీయని సీసా బ్రహ్మాండంగా ఉందండి, నిండా గుల్లలే. వాడిన సీసాలో ప్రొటీన్ మొత్తం ఉంది, గుల్ల ఒక్కటీ లేదు."

"మరి నా డబ్బల ఐసు లేదన్నరు గదా?"

"ఐసు లేకపోతే రెండూ పాడవ్వాలి, ఒకే డబ్బాలో వచ్చాయి కదా. పైగా డిసెంబరు ఎండకు ఇంతలా విడిపోదండి. ఈ సీసాను ఎవరో బాగా వేడి నీళ్ళలో ముంచారు. అరవై డిగ్రీల పైమాటే."

"నా సీస దగ్గరికి పొయ్యి ఎక్కడ్నుంచొస్తదమ్మా?" అని ఐలయ్య కోప్పడ్డాడు. తర్వాత తమాయించుకుని, కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, దండం పెట్టి బయటికొచ్చాడు.

సీసా తన కళ్ళ ముందు నుంచి పోయేది ఒకే ఒక్క చోటికి. అది ఆయనకు గేటు దాటకముందే తెలుసు. కానీ కొండాపూర్ దాకా దాని గురించి ఆలోచించకుండా బండి నడిపాడు. ఫ్రిజ్ కరెంటు పోయిందేమో, చీటీలు తారుమారయ్యాయేమో, సిరంజి వేడి సీసాకు తగిలిందేమో అని ఒక్కొక్కటే పెట్టుకుని ఒక్కొక్కటే కొట్టేసుకున్నాడు. కొమురయ్యనే అడుగుదాం, అతనే ఏదో ఒక దారి చూపిస్తాడు అనుకుని బండి కొట్టం ముందు ఆపాడు.

కొమురయ్య ఇంట్లో లేడు. అతని భార్య నాగమణి బర్రెలకు ఉలవలు ఉడకబెడుతోంది. ఐలయ్యను చూడగానే చెయ్యి కడుక్కుని నులక మంచం వాల్చింది.

"కూసో అన్నా. ఆయన పాలు పోసొస్తడు. మిగిలిన బర్రెలకు మళ్ళ సూదులేస్తరంట గద? ఈపారి జర ముందుగాల చెప్పుండ్రి. పోయినపారి నీళ్ళు కాగెతందుకు ఆలస్యమైందని మీ బావ నా మీద ఒకటే ఒర్లుడు."

"నీళ్ళెందుకమ్మా?"

"గదేందన్నా, సీసలు ముంచెతందుకు." ఆమె పొయ్యి మీది గిన్నె చూపించింది. "సల్లటి మందు పొడిస్తె బర్రె పాలు చేపదు గద. రెండు దినాలు పొదుగుల చెయ్యి పెట్టనియ్యది. జర ఎచ్చజేసి నింపుమని నువ్వే చెప్పినవంట గద."

ఐలయ్య కూర్చోలేదు. గిన్నెలో ఉలవలు గుబగుబ ఉడుకుతున్నాయి. ఆవిరి ఆయన కళ్ళద్దాలకు పట్టింది. వాటిని తీసి తుడుచుకుంటూ ఉండగానే ఖాళీ క్యాన్ల చప్పుడుతో కొమురయ్య వాకిట్లోకి వచ్చాడు. ఐలయ్య నిలబడిన తీరు చూశాడు, భార్య ముఖం చూశాడు. క్యాన్లు మెల్లగా కింద పెట్టాడు.

"నువ్వు లోపటికి పో" అన్నాడు నాగమణితో.

"ఆమెనెందుకు పొమ్మంటవ్?" అన్నాడు ఐలయ్య. "నేను చెప్పిన్నంట గద ఎచ్చజెయ్యుమని. ఎన్నడు చెప్పిన బావా?"

కొమురయ్య తలపాగా విప్పి మెడ తుడుచుకున్నాడు. "ఆమె ఊకె అడుగుతుంటె అన్న. ఈ ఒక్కపారే బావా. నీ మీదొట్టు. హైటెక్ సిటీల కాంటీను కొత్తగ పట్టిన. ఒక్కదినం పాలు తప్పితె మళ్ళ రావద్దన్నడు వాడు. ఎన్ని దినాలు తిరిగి పట్టిన్నో నీకు ఎరికే."

"నన్నడగొచ్చు గద."

"అడిగితె వద్దంటవ్."

"వద్దనే అంట."

"గందుకే అడగలే."

"మరి మందు నా పేరు మీదున్నది, పొడుస్తున్నది నేను. అది మందు గాదు, ఉడికిన నీళ్ళు. ముప్పై ఎనిమిది బర్రెలకు నా చేతితోని నీళ్ళు పొడిపించినవ్."

"రోగమొస్తదని నాకేమెరుక? ఎచ్చజేస్తె మందు చస్తదని ఎవలు చెప్పిండ్రు? నా బర్రెలకు రాలేదా? ముందుగాల నా కొట్టంలనే గద వచ్చింది!"

అది నిజమే. ఐలయ్య ఆ మాట దగ్గర కొంచెం మెత్తబడ్డాడు. తెలియక చేశాడు. తెలియక చేసినవాణ్ణి ఏమంటాం? ఆ మాటే పైకి అన్నాడు కూడా. "సరే. తెలువక జేసినవ్. గని రోగమొచ్చినంక తెలిసింది గద. డాక్టర్ సాబ్ కాగితం మీద నా డబ్బల ఐసు లేదని ముందు సంతకం నీదెట్ల పడ్డది?"

కొమురయ్య తలపాగాను మళ్ళీ చుట్టుకున్నాడు.

"నేను జేసిన్నంటె ఈ బస్తీ నన్ను బతకనిస్తదా బావా? లచ్చమ్మ నన్ను మన్ను పోసి తిడ్తది. నా పాలు ఎవలు కొంటరు? నీకేమున్నది, రెండు నెలల్ల దిగిపోతవ్. నీ పించిను ఆగది. అడిగి తెలుసుకున్న."

"అడిగి తెలుసుకున్నవా?"

"ఆఁ. మున్సిపల్ల పనిజేసే మా తమ్ముని అడిగిన. గిసొంటి దానికి పించిను ఆపరు అన్నడు. ఇంకేంది? ఒక మాట పడ్తవ్, గంతే గద."

 భయపడి ఏదో తొందరలో రాశాడనే అనుకున్నాడు ఐలయ్య ఇంతసేపూ. కాదు. కూర్చుని ఆలోచించాడు, పోయి అడిగాడు, ఐలయ్యకు తగిలే దెబ్బ ఎంతదో కొలిచి చూసుకున్నాడు. పించను మిగులుతుంది కాబట్టి ఏమీ పోదని తేల్చుకున్నాడు. పద్దెనిమిదేళ్ళు మొదటి విస్తరి వేసినవాడికి, ఐలయ్య దగ్గర పోగొట్టుకోదగ్గది ఏముందో తెలియలేదు. తెలిసీ దాన్ని ఒక మాట కింద కట్టేశాడేమో. 

"రేపు పదింటికి డాక్టర్ సాబ్ దగ్గరికి రా" అని చెప్పి ఐలయ్య లూనా ఎక్కాడు.

మరునాడు దవాఖాన వరండాలో పాలవాళ్ళంతా వచ్చారు. ఐలయ్య రెండు కాగితాలూ బల్ల మీద పరిచి, పన్నెండు ముక్కల గుల్ల సంగతి నీహారిక చెప్పినట్టే చెప్పాడు. అస్తరు మాట కూడా కలిపాడు. ఎవరికి ఎంత అర్థమైందో గానీ, రెండు గీతల తేడా మాత్రం అందరికీ కనపడింది. రామ్మోహనరావు గారు కళ్ళజోడు సవరించుకుని, "ఏమంటారు కొమురయ్యా?" అన్నారు. కొమురయ్య గోడకు ఆనుకుని, "ఔ సార్, నేనే ముంచిన" అన్నాడు. ఒకరిద్దరు మీదికి లేచారు. డాక్టరు గారు ఆపి, ఫిర్యాదు కాగితం మీద ఎర్ర సిరాతో రెండు వాక్యాలు రాసి, ఐలయ్య తప్పు ఏమీ లేదని సంతకం పెట్టారు.

అందరూ పోతుంటే లచ్చమ్మ వెనక్కి వచ్చింది. తిడుతుందేమో అనుకున్నాడు, తిట్టలేదు.

"వాడు పాపమే జేసిండు. గని అయ్యా, డబ్బ నీది, సూది నీది. వాని చేతికెందుకిచ్చినవ్?"

"మా బావ గదవ్వా."

"నా దూడలకు బావ గాదు గదయ్యా" అని ఆమె కొంగు సర్దుకుని మెట్లు దిగింది.

ఆ సాయంత్రం ఐలయ్య రిజిస్టరు తీసి, డిసెంబరు పేజీలో ముప్పై ఎనిమిది పేర్ల ఎదురుగా "టీకా చెల్లదు" అని రాశాడు. ఎర్ర సిరా మాట ఆఫీసు కాగితం మీద ఉంటుంది. తన చేతి కింద గాలికుంటు వచ్చిందన్న మాట ఇక్కడ ఉంటుంది. తుడిచేది లేదు.

ఫిబ్రవరిలో, రోగం తగలని పదిహేడు బర్రెలకు మళ్ళీ టీకాలు. ఈసారి ఎవరి కొట్టానికి వాళ్ళ దగ్గరికే పోవాలని డాక్టరు గారు చెప్పారు. డబ్బా మోయడానికి ఇంకో మనిషిని ఇస్తానన్నారు. ఐలయ్య వద్దన్నాడు.

"కొమురయ్యనే మొయ్యనీ సార్. నింపుడు నేనే నింపుకుంట."

కొమురయ్య డబ్బా ఎత్తుకున్నాడు. బస్తీ సందుల్లో ఐలయ్య ముందు, అతను వెనక. వాకిళ్ళలో నిలబడ్డవాళ్ళు ఇద్దరినీ చూశారు. మొదటి కొట్టం దగ్గర ఐలయ్య మూత తీసి ఐసులోకి చెయ్యి పెట్టి చూశాడు. రెండో కొట్టం దగ్గరా తీశాడు. రెండింటి మధ్య దూరం ఇరవై అడుగులు లేదు. మూడో దగ్గరా అంతే, నాలుగో దగ్గరా అంతే. ఐసు ఎప్పటికప్పుడు నిండుగానే ఉంది. చల్లటి మందు పడగానే బర్రెలు తోలు విదిలించుకుని మళ్ళీ గడ్డి అందుకున్నాయి.

లచ్చమ్మ కొట్టం ఆఖరుది. కొమురయ్య డబ్బా దించి, ఐసు నీళ్ళకు తెల్లబడిన వేళ్ళు విదిలించుకున్నాడు.

"పదడుగులు గూడ నమ్మవా బావా?"

ఐలయ్య మూత తీశాడు. ఐసు పక్కకు జరిపి, సీసాలు లెక్కపెట్టాడు, ఒక్కొక్కదాన్నీ అరచేతిలో పెట్టి చల్లదనం చూశాడు. కావలసింది ఒకటి తీసుకున్నాడు.

"మూత పెట్టు" అన్నాడు. కొమురయ్య పెట్టాక, అది సరిగ్గా బిగిసిందో లేదో వేలితో నొక్కి చూసి, బర్రె వైపు తిరిగాడు.